తిన్నింటి వాసాలు, దుబాయ్ లెక్కలు

ప్రశ్న:

నేను కోస్తా జిల్లాలో రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీలో పదహారేళ్లుగా లెక్కలు చూస్తున్నాను. ఆరు నెలల క్రితం ఆఫీసు ప్రింటర్ మీద ఒక ఇన్‌వాయిస్ కనిపించింది. దుబాయ్‌లోని ఒక కంపెనీ అమెరికాలోని కొనుగోలుదారుకు వేసినది. అందులోని కంటైనర్ నంబరు చూసి ఆగిపోయాను. పది రోజుల ముందు అదే కంటైనర్‌కు మేము ఆ దుబాయ్ కంపెనీ పేరున ఇన్‌వాయిస్ వేశాం. నేనే టైపు చేశాను. సరుకు దుబాయ్ ముఖం చూడలేదు, విశాఖ రేవు నుంచి అమెరికా దారి పట్టింది. దుబాయ్ ఇన్‌వాయిస్‌లో ధర మాత్రం మేము వేసినదానికన్నా కిలోకు డాలరున్నర ఎక్కువ. ఆ తేడా దుబాయ్‌లోనే ఉండిపోతోందన్న మాట. ఆ దుబాయ్ కంపెనీ మా యజమానిదేనని ఆఫీసులో ఎప్పటి నుంచో గుసగుసలున్నాయి. అక్కడ రెండు ఫ్లాట్లు కూడా కొన్నారని ఆయన కారు డ్రైవరు చెప్పాడు.

విదేశాల్లో దాచిన ఆస్తుల సమాచారం ఇస్తే ప్రభుత్వం ఐదు కోట్లు ఇస్తుందని చదివాను. నిజమేనా? నా పేరు బయటికి వస్తుందా? ఆయన నాకు అన్యాయం చేసిన మనిషి కాదు. మా అమ్మ గుండె ఆపరేషన్‌కు అడగకుండానే రెండు లక్షలు ఇచ్చారు, తిరిగి తీసుకోలేదు. ఈ విషయం మా ఆవిడతో అంటే "తిన్నింటి వాసాలు లెక్కపెడతారా?" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మాకు ఇద్దరు ఆడపిల్లలు. ఏం చేయమంటారు? దయచేసి నా పేరు, ఊరు వేయవద్దు.

జవాబు:

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి ఐదు కోట్ల దగ్గర ఆగాను, రెండోసారి మీ అమ్మగారి ఆపరేషన్ దగ్గర. మూడోసారి "నేనే టైపు చేశాను" అన్న మూడు మాటల దగ్గర ఆగి చాలాసేపు కదలలేదు. మీరు అడిగిన ప్రశ్నల్లో ఆ మాటల ఊసు లేదు. నా జవాబు చివరికి వాటి దగ్గరికే చేరుతుంది.

ముందు డబ్బు సంగతి. ఐదు కోట్లు అన్నది పుకారు కాదు. కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2018 జూన్‌లో విడుదల చేసిన బహుమతి పథకంలో ఆ అంకె ఉంది. దేశంలోపలి ఎగవేత గురించి చెబితే 50 లక్షల దాకా, బినామీ ఆస్తి గురించి చెబితే వేరే పథకం కింద కోటి దాకా, 2015 నాటి నల్లధనం చట్టం కిందికి వచ్చే విదేశీ ఆస్తి గురించి చెబితే ఐదు కోట్ల దాకా. పరాయి దేశంలో ఉన్నవాళ్లు కూడా ముందుకు రావాలనే అంత పెద్ద మొత్తం పెట్టామని ప్రభుత్వమే చెప్పుకుంది. మీరు చదివిన చోట "ఐదు కోట్లు" పెద్ద అక్షరాల్లోనూ, "దాకా" చిన్న అక్షరాల్లోనూ వేసి ఉంటారు.

ఆ "దాకా" సంగతి మీ భాషలోనే చెబుతాను. మీ యజమాని దుబాయ్‌లో దాచినది ఫ్లాట్లతో కలిపి పది కోట్లు అనుకోండి. నల్లధనం చట్టం కింద పన్ను 30 శాతం, అంటే మూడు కోట్లు. జరిమానా ఆ పన్నుకు మూడింతలు, తొమ్మిది కోట్లు. పది కోట్లు దాచిన మనిషి పన్నెండు కోట్లు కట్టాలి. కావాలని ఎగవేశాడని రుజువైతే మూడు నుంచి పదేళ్ల జైలు వేరే. మీకు రాగలిగినది వసూలైన పన్ను మీద పది శాతం దాకా. మూడు కోట్ల మీద 30 లక్షలు. ఐదు కోట్లు చేతిలో పడాలంటే పన్నే 50 కోట్లు తేలాలి, అంటే దాచిన ఆస్తి 167 కోట్ల దాకా ఉండాలి. కిలోకు డాలరున్నర చొప్పున అంత పోగుపడడానికి ఎన్ని కంటైనర్లు వెళ్లాలో నాకన్నా మీకే బాగా తెలుసు.

ఇంకో మాట. "వసూలైన" పన్ను మీద అన్నాను. తేల్చిన పన్ను వేరు, ఖజానాకు చేరిన పన్ను వేరు. మధ్యంతర బహుమతి ఒకటి ఉంది, పన్నులో మూడు శాతం దాకా, 50 లక్షలకు మించకుండా. అసలు మొత్తం మాత్రం అప్పీళ్లన్నీ ముగిశాకే. కమిషనర్ అప్పీళ్లు, ట్రిబ్యునల్, హైకోర్టు, సుప్రీంకోర్టు. డబ్బున్న మనిషి ఈ నాలుగు మెట్లూ ఎక్కకుండా ఊరుకోడు. మీ పెద్దమ్మాయి పెళ్లి ఖర్చుకు ఈ డబ్బు అక్కరకు వస్తుందని లెక్క వేసి ఉంటే ఆ లెక్క ఇప్పుడే కొట్టేయండి. పైగా ఇది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది. ఇన్ఫార్మర్ బహుమతిని హక్కుగా అడగడానికి వీల్లేదని సుప్రీంకోర్టు ఏనాడో తేల్చింది.

అమెరికాలో అలా కాదు. అక్కడ 2006లో మార్చిన చట్టం ప్రకారం పెద్ద కేసుల్లో వసూలైన దానిలో 15 నుంచి 30 శాతం ఇవ్వాలి, తక్కువ ఇచ్చారనిపిస్తే పన్నుల కోర్టుకు వెళ్లవచ్చు. కెనడా 2014లో ప్రత్యేకించి విదేశీ ఎగవేతలకే పథకం పెట్టింది, 5 నుంచి 15 శాతం. బ్రిటన్ 2025 నవంబరులో అమెరికా దారి పట్టింది. ఇలాంటి బహుమతుల మీద జనానికి ఆశ పుట్టించిన మనిషి ఒకడున్నాడు. అతని కథ మీరు పూర్తిగా వినాలి. ఇలాంటి వార్తల్లో సగమే రాస్తారు.

బ్రాడ్లీ బర్కెన్‌ఫెల్డ్ జెనీవాలో యూబీఎస్ బ్యాంకులో పనిచేసిన అమెరికన్. ధనవంతులైన అమెరికన్లను వెతికి పట్టుకుని, వాళ్ల సొమ్ము స్విట్జర్లాండ్‌లో దాచిపెట్టడం అతని పని. ఒక ఖాతాదారు కోసం వజ్రాలు కొని టూత్‌పేస్టు గొట్టంలో దాచి అమెరికాకు తెచ్చాడు. 2007లో తానే అమెరికా న్యాయశాఖ దగ్గరికి వెళ్లి బ్యాంకు గుట్టంతా చెప్పాడు. అతను చెప్పిన దానితో మొదలైన దర్యాప్తులో యూబీఎస్ 2009లో 78 కోట్ల డాలర్లు కట్టింది, నాలుగు వేల నాలుగు వందలకు పైగా ఖాతాల వివరాలు ఇవ్వడానికి ఒప్పుకుంది. దశాబ్దాల నాటి స్విస్ బ్యాంకుల మౌనవ్రతం అక్కడే బీటలు వారింది. 2012 సెప్టెంబరులో ప్రభుత్వం అతనికి 10 కోట్ల 40 లక్షల డాలర్ల బహుమతి ఇచ్చింది. అప్పటి మారకంలో 550 కోట్ల రూపాయల పైమాటే.

వార్తల్లో వచ్చే సగం ఇది. మిగతా సగం ఏమిటంటే, ఆ బహుమతి ప్రకటించడానికి నెలన్నర ముందు దాకా అతను జైల్లో ఉన్నాడు. బ్యాంకు గుట్టు చెప్పాడు గానీ, తన సొంత ఖాతాదారుల్లో అందరికన్నా పెద్దవాడైన ఒక రియల్ ఎస్టేట్ ధనవంతుడి సంగతి న్యాయశాఖకు సరిగా చెప్పలేదు. ఎగవేతలో తన చేయి ఎంతుందో దాచాడని కేసు పెట్టారు. ప్రభుత్వ న్యాయవాదులు 30 నెలల శిక్ష అడిగితే జడ్జి 40 నెలలు వేశారు. ఆ ధనవంతుడు 5 కోట్ల 20 లక్షల డాలర్లు కట్టి, జైలు ముఖం చూడకుండా బయటపడ్డాడు. చెప్పినవాడు లోపల, దాచినవాడు బయట. అది న్యాయమా అని నన్ను అడిగితే కాదనే అంటాను. నా అభిప్రాయంతో ఆ జడ్జికి పనిలేదు కదా.

ఇప్పుడు మీ మూడు మాటల దగ్గరికి వద్దాం.

ప్రింటర్ మీద ఆ కాగితం చూసేదాకా మీరు టైపు చేసిన ఇన్‌వాయిస్‌లు వేరు, చూసిన తర్వాత టైపు చేసినవి వేరు. మొదటి రకం గుమస్తా పని. యజమాని ఏ ధర వేయమంటే ఆ ధర వేశారు, ఆ దుబాయ్ కంపెనీ ఎవరిదో మీకు రూఢిగా తెలియదు. రెండో రకం అలా కాదు. నల్లధనం చట్టంలో 53వ సెక్షన్ చదవండి. తప్పుడు లెక్కలు తయారు చేయడానికి, ఎగవేతకు తోడ్పడినవాడికి ఆరు నెలల నుంచి ఏడేళ్ల దాకా కఠిన కారాగారం. మీరు ఉత్తరంలో "ఆరు నెలల క్రితం" అని రాశారు. ఈ ఆరు నెలల్లో ఆ దుబాయ్ కంపెనీ పేరున ఎన్ని ఇన్‌వాయిస్‌లు వేశారు? నాకు చెప్పనక్కరలేదు. వెళ్లాలా వద్దా అని మీరు ఊగిసలాడుతున్న ప్రతి వారం, మీ చేతి మీదుగా ఒకటో రెండో వెళుతూనే ఉన్నాయి. బహుమతి గురించి ఏం నిర్ణయించుకున్నా, ఊరుకుని ఉండిపోవడం కూడా మీకు క్షేమం కాదు. ఒకవేళ వేరే ఎవరో చెప్పి ఆ కంపెనీ మీద దాడి జరిగితే, కంప్యూటర్‌లో ఆ ఫైలు తయారు చేసినవాడి పేరు దగ్గర ఎవరి పేరు కనిపిస్తుంది?

కాబట్టి మొదట చేయవలసిన పని పన్నుల ఆఫీసుకు వెళ్లడం కాదు. క్రిమినల్ కేసులు చూసే లాయరు ఒకరిని, మీ ఊరు కాని ఊళ్లో, మీ సొంత డబ్బు ఇచ్చి కలవండి. మీ కంపెనీకి పనిచేసే ఆడిటర్ గారిని కాదు, ఆయన తమ్ముడిని కాదు, మీ బావమరిదికి తెలిసిన వకీలునూ కాదు. గోదావరి జిల్లాల్లో రొయ్యల వ్యాపారంలో ఉన్నవాళ్లందరూ ఒకరికొకరు వియ్యంకులో, కాకపోతే కాబోయే వియ్యంకులో. ఆ లాయరు దగ్గర మీరు టైపు చేసినవి, సంతకం పెట్టినవి, చూసి చూడనట్టు వదిలేసినవి అన్నీ చెప్పండి. బర్కెన్‌ఫెల్డ్ మింగేసిన ఆ ఒక్క మాట మీరు మింగవద్దు. మన పథకంలో సమాచారం ఇచ్చినవాడి తప్పు మాఫీ అన్న హామీ లేదు.

ఇక ప్రభుత్వం చాడీలకు డబ్బిస్తుందా అన్న అసహ్యం మీ ఆవిడకు ఉన్నట్టుంది. మా ఇంట్లో కూడా ఈ మాటే వచ్చింది. ఇది నిన్నమొన్న పుట్టిన పద్ధతి కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో రెండో అధికరణం తీసి చూడండి. రాజు సొమ్ము అపహరించినవాడిని పట్టించి రుజువు చేసిన సూచకుడికి అందులో ఆరో వంతు. అతను జీతానికి పనిచేసేవాడైతే పన్నెండో వంతు. రుజువు చేయలేకపోతే శిక్ష. ముద్దాయి మాట విని మధ్యలో వెనక్కి తగ్గితే మరణదండన. జీతగాడికి సగం తగ్గించడం వెనుక ఆయన ఆలోచన ఏమై ఉంటుందో గాని, మీలాంటి వాడి సంకటం అంత పాతదన్న మాట మటుకు నిజం.

మన కాలంలో దీన్ని బహిరంగంగా, సిగ్గుపడకుండా చేసింది జర్మనీ. లీక్‌టెన్‌స్టైన్ అనే బుల్లి దేశంలో ఎల్‌జీటీ అనే బ్యాంకు సంస్థ ఉంది, రాజకుటుంబానిదే. ఖాతాదారుల పాత కాగితాలన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించే పనికి హెయిన్‌రిచ్ కీబర్ అనే అతన్ని పెట్టుకున్నారు. ఎక్కిస్తూ ఎక్కిస్తూ తనకూ ఒక ప్రతి ఉంచుకున్నాడు. జర్మనీ గూఢచారి సంస్థ 40 లక్షల యూరోలకు పైగా ఇచ్చి అది కొంది. 2008 ఫిబ్రవరి 14న తెల్లవారేసరికి, ఆ కాగితాల్లో పేరున్న జర్మనీ తపాలా సంస్థ అధిపతి క్లాస్ జుమ్‌వింకెల్ ఇంటి ముందు అధికారులతో పాటు టీవీ కెమెరాలు. మరుసటి ఏడాది ఆయనకు రెండేళ్ల శిక్ష పడింది, అమలు నిలిపి ఉంచారు. పది లక్షల యూరోల జరిమానా కట్టాడు. కీబర్ మాత్రం కొత్త పేరుతో, కొత్త గుర్తింపుతో తెర వెనక్కి వెళ్లిపోవలసి వచ్చింది. సొంత దేశంలో అడుగుపెడితే అరెస్టు. ఆ తర్వాత నార్త్ రైన్ వెస్ట్‌ఫేలియా రాష్ట్రం స్విస్ బ్యాంకుల ఖాతాదారుల వివరాలున్న సీడీలు ఒకదాని తర్వాత ఒకటి కొనుక్కుంటూ పోయింది. దొంగసొత్తు కొంటారా అని గోల లేచింది. స్విట్జర్లాండ్ 2012లో ముగ్గురు జర్మన్ పన్ను అధికారుల మీదే వారెంట్లు తీసింది. జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం మాత్రం ఆ సమాచారం ఆధారంగా సోదా చేయవచ్చని అంతకు రెండేళ్ల ముందే చెప్పేసింది. సీడీల్లో పేరు ఉందో లేదో తెలియని వేల మంది, భయంతో తమంతట తామే వచ్చి పన్ను కట్టారు. అసలు రాబడి అక్కడిది. ప్రభుత్వాలు మీలాంటి వాళ్లకు డబ్బిచ్చేది మీరు చెప్పిన ఒక్క పేరు కోసమే కాదు, చెప్పని వంద పేర్లు ఉలిక్కిపడతాయని.

ఆ ఎల్‌జీటీ జాబితాలో మన దేశస్థుల పేర్లూ ఉన్నాయి. జర్మనీ ఇచ్చిన ఆ పేర్లను కేంద్రం బయటపెట్టడం లేదని సుప్రీంకోర్టులో వ్యాజ్యం నడిచింది. 2011 జూలై 4న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ప్రత్యేక దర్యాప్తు బృందం వేయాలని తీర్పు ఇచ్చారు. దానికి అధ్యక్షుడిగా ఎంచుకున్నది జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డిని. అటు తీర్పులోనూ ఇటు బృందంలోనూ తెలుగువాడే. ఆ బృందం నిజంగా ఏర్పడింది మటుకు 2014లో, జస్టిస్ ఎం.బి. షా ఆధ్వర్యంలో. ఇంకో జాబితా, జెనీవా హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకుది, ఫ్రాన్స్ ద్వారా 2011లో మనకు అందింది, 628 పేర్లు. దాన్ని బయటికి తెచ్చిన హెర్వే ఫాల్చియానీ ఆ బ్యాంకులో కంప్యూటర్ల మనిషి. 2015లో స్విస్ కోర్టు అతను లేకుండానే విచారించి ఐదేళ్ల శిక్ష వేసింది.

గమనించారా, వీళ్లలో ఒక్కడూ పెద్ద హోదా ఉన్నవాడు కాదు. స్కాన్ చేసేవాడు, కంప్యూటర్లు చూసేవాడు, ఖాతాదారుల వెంట తిరిగేవాడు. కాగితం ఎప్పుడూ చిన్న ఉద్యోగి చేతి మీదుగానే వెళుతుంది.

బ్యాంకు వివరాలు దేశాల మధ్య ఇప్పుడు వాటంతట అవే చేతులు మారుతున్నాయి, ఇంకా ఇన్ఫార్మర్లు ఎందుకని మీకు అనుమానం రావచ్చు. స్విట్జర్లాండ్ నుంచి 2019 సెప్టెంబరులో మొదటి విడత వచ్చింది. దుబాయ్ ఉన్న దేశం కూడా ఈ వివరాలు పంచుకునే ఒప్పందంలో ఉంది. 2024 నవంబరులో పన్నుల బోర్డు ఈ వివరాల ఆధారంగా జనానికి సందేశాలు పంపితే, సుమారు ముప్పై వేల మంది తమ విదేశీ ఆస్తులు రిటర్నుల్లో చూపించారు. అయితే ఆ వివరాల్లో వచ్చేది బ్యాంకు ఖాతా, దాని మీద ఉన్న పేరు. ఫ్లాటు రాదు. వేరే మనిషి పేరున కంపెనీ పెట్టి వెనుక కూర్చున్నవాడి పేరు అంత సులువుగా రాదు. ఒకే కంటైనర్‌కు రెండు ఇన్‌వాయిస్‌లు ఉన్నాయన్న సంగతి ఏ బ్యాంకుకూ తెలియదు. నాలుగు అక్షరాలు, ఏడు అంకెల ఆ నంబరు ప్రపంచంలో ఇంకో పెట్టెకు ఉండదు. మీ ఉత్తరం మొత్తంలో విలువైన సమాచారం అదొక్కటే. డ్రైవరు చెప్పిన ఫ్లాట్లు, ఆఫీసు గుసగుసలు పక్కన పెట్టండి. ఎవరో చెప్పగా విన్నదానికి బహుమతి రాదు. తప్పని తేలితే తప్పుడు సమాచారం ఇచ్చారని మీ మీదే కేసు.

వెళ్లదలచుకుంటే వెళ్లే పద్ధతి ఒకటి ఉంది. పథకంలో ఒక ఫారం ఇచ్చారు. అది నింపి మీరే స్వయంగా ఆదాయపన్ను దర్యాప్తు విభాగం డైరెక్టర్ జనరల్ ఆఫీసులో ఇవ్వాలి. మన రెండు రాష్ట్రాలకూ ఆ ఆఫీసు హైదరాబాద్‌లోనే. మీ పేరు, చిరునామా అందులో రాయాలి. ఆ తర్వాత మీకు ఒక కోడ్ నంబరు ఇస్తారు, ఇక మీదట మీరు ఆ నంబరే. పేరులేని ఉత్తరం, వాట్సాప్ సందేశం, ఫోన్‌లో చెప్పినది బహుమతికి పనికిరావు. బహుమతి అక్కరలేదు, చెప్పి దులిపేసుకుంటే చాలు అనుకుంటే, ఆదాయపన్ను శాఖ 2021 జనవరిలో ఆన్‌లైన్‌లో ఫిర్యాదుకు వీలు కల్పించింది. ఎగుమతి ధర తగ్గించి చూపడం కస్టమ్స్ వాళ్లకూ, విదేశీ మారకం చూసే ఈడీకీ సంబంధించిన సంగతే. ఎవరి దగ్గరికి ముందు వెళ్లాలో లాయరు చెబుతారు.

చేయకూడని పనులు రెండు. మొదటిది, పెన్‌డ్రైవ్ పట్టుకుని ఆఫీసు కంప్యూటర్ దగ్గర కూర్చోకండి. సోదాలో దొరికిన కాగితం ఎలా దొరికిందన్న దాని మీద కన్నా అందులో ఏముందన్న దాని మీద మన కోర్టులు ఎక్కువ దృష్టి పెడతాయి. అందుకని కాపీ చేసినవాడిని వదిలేస్తారని అర్థం కాదు. కంపెనీ డేటా దొంగిలించావని కేసు పెట్టడం యజమానికి ఒక పూట పని. మీ కళ్లతో చూసినది, మీ ఉద్యోగంలో భాగంగా మీకు తెలిసినది తేదీలతో, కంటైనర్ నంబర్లతో ఇంట్లో కూర్చుని రాసుకోండి, అది చాలు. అధికారులకు కావలసింది ఎక్కడ వెతకాలో చెప్పేవాడు. రెండోది, ఆయన దగ్గరికి వెళ్లి "నాకు అంతా తెలుసు సార్, సరిచేసుకోండి" అనకండి. మీరు మంచి మనసుతోనే అంటారు. ఆయన చెవికి అది బేరంలా వినిపిస్తుంది. ఆ తర్వాత మీ జీతం పెరిగినా తప్పే, పెరగకపోయినా తప్పే. బెదిరించి డబ్బు గుంజబోయాడన్న ఫిర్యాదుకు మీరే దారి చూపినట్టు.

పేరు బయటికి వస్తుందా అని అడిగారు. శాఖ చెప్పదు. కానీ నేను ప్రాక్టీసులో ఉన్న రోజుల్లో ఒక సోదా చూశాను. ఒక వ్యాపారి దగ్గర దాడి జరుగుతుంటే ఆడిటర్‌గా నన్ను పిలిపించారు. అధికారులు గది గదీ తిరగలేదు. నేరుగా లోపలి గదిలోకి వెళ్లి, మూడో బీరువా, కింది అర, ఎర్ర అట్ట పుస్తకం అన్నారు. ఆ వ్యాపారి వాళ్ల వైపు చూడలేదు. తల తిప్పి, గుమ్మం దగ్గర నిలబడ్డ గుమస్తా వైపు చూశాడు. ఒక్క క్షణం. ఎవరూ ఏమీ అనలేదు. ఆ పుస్తకం ఎక్కడుంటుందో ఇద్దరికే తెలుసు మరి. మీ విషయంలో ఆ దుబాయ్ ఇన్‌వాయిస్ ఎంత మంది చూసి ఉంటారు? ఈ లెక్కకు కాలిక్యులేటర్ అక్కరలేదు. ప్రైవేటు కంపెనీలో నిజం చెప్పిన ఉద్యోగిని కాపాడే చట్టం మీకు అండగా ఉంటుందని కూడా అనుకోకండి. 2014లో చేసిన రక్షణ చట్టం ప్రభుత్వోద్యోగుల అవినీతి గురించి చెప్పేవారి కోసం. అదీ నోటిఫై కాకుండా కాగితం మీదే ఉండిపోయింది. అందుకే వేరే ఉద్యోగం చూసుకుని, అక్కడ చేరి, రెండు జీతాలు అందుకున్నాక వెళ్లమంటాను. దీనివల్ల ఆలస్యమవుతుంది గానీ ఇంకో లాభం ఉంది. కొత్త ఉద్యోగం దొరికిన రోజు నుంచి మీరు ఆ ఇన్‌వాయిస్‌లు టైపు చేయరు.

మీ అమ్మగారి ఆపరేషన్ సంగతి నేను తేలికగా తీసుకోవడం లేదు. ఆ రెండు లక్షలు ఆయన మంచితనంతోనే ఇచ్చి ఉంటారు. లెక్కలు దాచేవాళ్లు ఇంట్లోనూ రాక్షసుల్లా ఉంటారనుకోవడం సినిమాల సంగతి. నాకు తెలిసిన పెద్ద ఎగవేతదారుల్లో ఇద్దరు గుళ్లకు, బడులకు ఇచ్చినంత నేను జన్మలో ఇవ్వలేదు. కానీ ఒకటి అడుగుతాను. కిలోకు ఆ డాలరున్నర ఎవరిది? మీ చుట్టుపక్కల చెరువు రైతుకు ధర చెప్పేటప్పుడు, ఎగుమతి ధర ఇంతే వస్తోంది, నలభై కౌంటుకు, అంటే కిలోకు నలభై తూగే రొయ్యకు, ఇంతకన్నా ఇవ్వలేమని మీ కంపెనీ కొనుగోలు మనిషి చూపించే ఇన్‌వాయిస్ ఏది? మీరు టైపు చేసినదే కదా, ప్రింటర్ మీద పడినది కాదు. 2025లో అమెరికా సుంకాలు పెరిగి రొయ్య ధర కుప్పకూలినప్పుడు చెరువులు ఎండబెట్టుకున్న రైతులు మీకు పేరుపేరునా తెలిసి ఉంటారు. మీ ఆవిడకు ఈ సంగతి చెప్పి చూడండి. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదన్నది మంచి మాటే. కాకపోతే మీకు జీతం ఇచ్చేది లెక్కపెట్టడానికే, ఆ వాసాల్లో కొన్ని పక్కింటి పైకప్పు నుంచి పీక్కొచ్చినవేమోనన్న అనుమానం నాది. ఆయన ఉపకారం తీర్చుకోవాలనిపిస్తే రెండు లక్షలు కూడబెట్టి, ఉద్యోగం మానేసే రోజున చేతిలో పెట్టండి. ఆయన తీసుకోకపోవచ్చు. మీరు ఇవ్వజూపిన మాట ఉంటుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లు కొందరు ఈ శీర్షిక చదువుతుంటారు, వాళ్లకు పక్కన ఒక మాట. మీ ఊరి బ్యాంకులో మీ పేరున ఉన్న డిపాజిట్లన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా పది వేల డాలర్లు దాటితే అక్కడి ప్రభుత్వానికి చెప్పాలి. వాళ్ల లెక్కలో విదేశీ ఖాతా అంటే భీమవరం బ్రాంచీలోదే. పాలివాళ్లతో పొలం తగాదా ఉన్నవాళ్లు ఈ పని మరీ వెంటనే చూసుకోవాలి, సమాచారం ఇచ్చేది ఆ పాలివాళ్లే కావచ్చు.

మీకు నేను చెప్పేది తేల్చేస్తాను. బహుమతి సున్నా అనుకుని నిర్ణయం తీసుకోండి. సున్నా అయినా వెళతాననిపిస్తే లాయరు, కొత్త ఉద్యోగం, ఫారం, ఆ వరుసలో వెళ్లండి. వెళ్లలేననిపిస్తే అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు, ఇద్దరు ఆడపిల్లల తండ్రికి ఆ హక్కు ఉంది. అప్పుడు కూడా మొదటి రెండూ తప్పవు. ఆ కుర్చీలో మాత్రం ఉండకండి.

ఇంకొకటి అడగడం మరిచాను. ప్రింటర్ మీద దొరికిన ఆ కాగితాన్ని మళ్లీ అక్కడే పెట్టేశారా, ఇంటికి తెచ్చుకున్నారా? ఉత్తరంలో రాయలేదు. ఇంట్లో ఉంటే దాన్ని చింపకండి, ఫోటో తీసి ఎవరికీ పంపకండి. లాయరు దగ్గరికి వెళ్లిన రోజున ముందు ఆ సంగతే చెప్పండి.